నీటికంటే ముందు కబురు

(నాగిరెడ్డిపేట మండలంలో ఒక లష్కర్ జ్ఞాపకార్థం రైతులు, కుటుంబసభ్యులు ఏర్పాటుచేసిన సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



మంత్రుల పేరు మీద, కవుల పేరు మీద, చీఫ్ ఇంజినీర్ల పేరు మీద స్మారకోపన్యాసాలు జరుగుతుంటాయి. పోచారం కాలువ గట్టు మీద ఉద్యోగమంతా నడిచిన ఒక లష్కర్ పేరు మీద ఉపన్యాసం పెట్టాలని ఆయన పిల్లలకూ ఈ ఆయకట్టు రైతులకూ తోచింది. దానికి నన్ను పిలిచారు. ఇంతకంటే గౌరవం నాకు ఇంకేం కావాలి? ఇంటివాళ్లు కోరినట్టు అచ్చులో ఆయన పేరు వేయడం లేదు. ఇక్కడ కూర్చున్నవాళ్లకు పేరు చెప్పాల్సిన అవసరమూ లేదు.

నన్ను మాట్లాడమన్న విషయం ఇది. ఒక సంస్థలో పెద్ద మార్పు తెస్తారు. అందుకోసం ఒక సంస్కరణ పథకం పెడతారు. నిధులు వస్తాయి, శిక్షణలు జరుగుతాయి, కరపత్రాలు పంచుతారు. గడువు తీరాక పథకాన్ని మూసేస్తారు. ఆ తర్వాత ఆ సంస్థలో పైవాళ్ల మాట కిందికీ, కిందివాళ్ల మాట పైకీ ఎట్లా నడవాలి? పట్నంలో దీన్ని కంపెనీల సంగతిగా చూస్తారు. నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు బాగా తెలిసిన సంస్థ కాలువ. తల దగ్గర షట్టర్ ఎత్తే మనిషి మొదలు చివరి తూము కింద మడికి గండి పెట్టుకునే రైతు దాకా అందరూ అందులోవాళ్లే. కాబట్టి కాలువ గురించే మాట్లాడతాను.

మంజీరలో కలిసే ఆలేరు వాగు మీద నిజాం ప్రభుత్వం కట్టించిన పోచారం ప్రాజెక్టు 1922లో పూర్తయింది. మొదట్లో 2.423 టీఎంసీల నీళ్లు పట్టేది. పూడిక చేరీ చేరీ 1.82 టీఎంసీలకు వచ్చింది. నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల్లో దీని కింద 10,500 ఎకరాల ఆయకట్టు ఉంది. వానాకాలం చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్లు మంజీరలో పడి నిజాంసాగర్‌కు పోతాయి. యాసంగికి నీళ్లు అందరికీ చాలవు. అందుకే ఆయకట్టును ఏ జోన్, బీ జోన్ అని రెండుగా చేసి, ఒక ఏడు ఒకరికి, ఇంకో ఏడు ఇంకొకరికి ఇచ్చే పద్ధతి పెట్టుకున్నారు. ఈ పద్ధతిలో కబురుకు ఒక పంట విలువ ఉంటుంది. ఈ యాసంగికి మన జోన్‌కు నీళ్లు ఉన్నాయా లేవా అన్నది నారు పోయకముందు తెలిస్తే రైతు మక్కకో శనగకో పోతాడు, లేకుంటే పడావు పెట్టి కూలికి పోతాడు. నారు పోశాక తెలిస్తే విత్తనాలు, దున్నకం కూలి, ట్రాక్టర్ కిరాయి అన్నీ మీద పడతాయి.

లష్కర్ పని ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు, కొంచెం దగ్గరగా చెప్తాను. పొద్దున్నే గేజీ దగ్గరికి పోవాలి. కాలువలో నీటి లోతు ఎంత ఉందో చూసి రిజిస్టర్‌లో రాయాలి. రాత్రికి రాత్రి మట్టం పడిపోయిందంటే ఎక్కడో గండి పడ్డట్టు, లేదా ఎవరో తూము తెరిచినట్టు. అక్కడినుంచి గట్టు వెంట నడక. తూము తూముకూ ఆగడం, చెత్త అడ్డం పడితే తీయడం, షట్టర్‌కు గ్రీసు ఉందో లేదో చూడడం. ఇదంతా రాతలో ఉన్న ఉద్యోగం. రాతలో లేని ఉద్యోగం ఇంకొకటి ఉండేది. ఎదురైన ప్రతి రైతూ అడిగే మాట ఒకటే: “నీళ్లెప్పుడొస్తయి?” దానికి ఈ లష్కర్ “వస్తయిలే” అని ఊరుకునేవారు కాదు. “ఎల్లుండి పొద్దుగాల తల దగ్గర ఇడుస్తరు, మీ తూముకు వచ్చేసరికి మర్నాడు మాపటేళ అయితది” అని లెక్కకట్టి చెప్పేవారు. తూము గోడ మీద సుద్దముక్కతో తేదీ రాసి పోయేవారు. విడుదల వాయిదా పడితే వెనక్కి వచ్చి ఆ తేదీ కొట్టేసి కొత్తది రాసేవారు. మారిన తేదీ చెప్పడానికి రెండోసారి నడవడం ఎంత కష్టమో, ఎంత విలువైనదో గట్టు మీద నడిచినవాళ్లకే తెలుస్తుంది.

ఇక 1997 సంగతి. ఆ ఏడాది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం వచ్చింది. కాలువల మీద పెత్తనం ఇంజినీర్ల చేతినుంచి రైతుల సంఘాల చేతికి మారాలన్నది దాని ఉద్దేశం. మన దేశంలో ఒక శాఖను లోపలినుంచి మార్చడానికి జరిగిన అతి పెద్ద ప్రయత్నాల్లో ఇదొకటని నా నమ్మకం. ఆ జూన్‌లో పది వేలకు పైగా నీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి. ప్రపంచ బ్యాంకు రుణం తోడైంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వాలంతరి శిక్షణ సంస్థ నుంచి శిక్షకులు తయారయ్యారు. అసిస్టెంట్ ఇంజినీర్లు, సంఘం అధ్యక్షులు ఒకే బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నారు. అంతకుముందు అట్లాంటిది ఎవరూ చూడలేదు. రైతులూ ఇంజినీర్లూ కలిసి కాలువ తల నుంచి తోక దాకా నడిచి, ఎక్కడ లైనింగ్ పోయింది, ఎక్కడ తూము విరిగింది అని రాసుకునేవారు. ఆ నడకలో నేనూ ఉన్నాను. అప్పటిదాకా చివరి ఆయకట్టు రైతు ఇంజినీర్‌ను చూడాలంటే ఆఫీసు వరండాలో నిలబడాల్సి వచ్చేది. ఆ నడకలో ఇంజినీరే అతని పొలం గట్టుకు వచ్చాడు. “సారూ, గిదే నా మడి, గీడికి నీళ్లు ఎన్నడూ రాలే” అని చూపిస్తే ఆ మాట కాగితం మీదికి ఎక్కింది.

ఆ రెండు మూడేళ్లు కబుర్లకు కరువు లేదు. పోస్టర్లు, కళాజాతాలు, రేడియో కార్యక్రమాలు, నెలనెలా సమావేశాలు. తర్వాత ఏమైందో మీకందరికీ తెలుసు. పనుల నిధులు తగ్గాయి, శిక్షణలు ఆగాయి, జీపులు రావడం మానేశాయి. 2003లో చట్టాన్ని సవరించి, సంఘం ఒక్కసారే రద్దు కాకుండా సభ్యులు విడతలవారీగా మారే పద్ధతి తెచ్చారు. తెలంగాణ రాష్ట్రం వచ్చాక నీటి సంఘాలకు ఎన్నికలే జరగలేదు. అవతల ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్‌లో మళ్లీ జరిపారు. ఆ సంఘాలు ఎట్లా నడుస్తాయో చూడాలి.

ఎందుకు ఇట్లా అయింది? రాజకీయం అంటారు, కాంట్రాక్టులు అంటారు. రెండూ నిజమే. చాలాచోట్ల సంఘం సమావేశం అంటే పనుల తీర్మానం మీద సంతకాలు చేయడమే అయిపోయింది. నా కంటికి కనపడ్డ కారణం ఇంకొకటి ఉంది. పథకం నడిచిన రోజుల్లో కబురు మోసే పని పథకమే చేసింది. కరపత్రం పథకానిది, మైకు పథకానిది, రైతు ఇంటికి వచ్చి మాట్లాడిన మనిషి జీతం కూడా పథకానిదే. శాఖలో ఎవరి విధుల జాబితాలోనూ ఆ పని రాయలేదు. సంఘంలోనూ ఎవరికీ అప్పగించలేదు. అందుకే పథకం లెక్కలు ముగిసిన రోజే ఆ పనీ ముగిసింది, అది ముగిసిందని ఎవరికీ తెలియనంత మెల్లగా. ఇంకో సంగతి. పోస్టర్లలో వచ్చిన మాటంతా పైనుంచి వచ్చిందే: రైతే రాజు, నీళ్లు పొదుపు చేయండి, పన్ను కట్టండి. కిందినుంచి వెళ్లిన ప్రశ్నకు జవాబు తిరిగి వచ్చే దారి మాత్రం ఎవరూ వేయలేదు. ఉమ్మడి నడకలో రాసుకున్న ఆ చివరి మడి సంగతి చూడండి. పనుల జాబితాలో అది చేరిందా, చేరకపోతే ఎందుకు చేరలేదు అని వెనక్కి వెళ్లి ఆ రైతుకు చెప్పాల్సిన బాధ్యత ఎవరిది? ఆ ప్రశ్నకు చట్టంలోనూ రూల్స్‌లోనూ నేను వెతికినంతమేర జవాబు లేదు.

హార్వర్డ్‌లో పాఠాలు చెప్పిన జాన్ కోటర్ 1995లో రాసిన ఒక వ్యాసంలో, సంస్థల్లో మార్పులు ఎందుకు విఫలమవుతాయో చెబుతూ తొందరపడి గెలుపు ప్రకటించుకోవడాన్ని ఒక పెద్ద తప్పుగా చూపించాడు. ఆయన ముందున్నవి కంపెనీలు. మన కాలువకూ ఆ మాట అతుకుతుంది. సంఘం ఏర్పడింది, ఎన్నిక జరిగింది, ఫోటో పడింది, ఇక అయిపోయిందనుకున్నాం. ఇంజినీరూ రైతూ మాట్లాడుకోవడం అలవాటు కావడానికి రెండేళ్లు చాలవు. ఇంకో పది యాసంగులు పడుతుంది.

ఈ కష్టం కాలువకే పరిమితం కాలేదు. 2020 సెప్టెంబర్‌లో తెలంగాణలో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) పోస్టులు రద్దయ్యాయి. ఆ వ్యవస్థలో తప్పులు ఉన్నాయి, ఎవరూ కాదనరు. కానీ ఆ మనిషి పోవడంతో ఊరికీ తహసీల్ ఆఫీసుకూ నడుమ మాట చేరవేసే మనిషీ పోయాడు. ఐదేళ్ల తర్వాత గ్రామ పాలన అధికారులను వేసుకోవాల్సి వచ్చింది. చెరువుల పూడికతీత పథకం మిషన్ కాకతీయ సంగతీ అంతే. అది 2015 మార్చి 12న ఇదే జిల్లా సదాశివనగర్ పాత చెరువు దగ్గర మొదలైంది. పూడిక తీసేటప్పుడు చెరువు చెరువు దగ్గరా ఇంజినీర్, రైతులు, ట్రాక్టర్లు, అంతా సందడి. పూడిక మట్టి పొలాలకు చేరింది, చెరువు నిండింది. తర్వాత తూము ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో ఊరంతటికీ చెప్పే నీరటి ఉన్న చోట ఆ చెరువు బాగానే నడిచింది. లేని చోట మళ్లీ పాత పంచాయతీలే. ఆ తర్వాత నీటిపారుదలలోని భారీ, మధ్యతరహా, చిన్నతరహా విభాగాలన్నిటినీ కలిపి ఒక్క జలవనరుల శాఖగా, 19 మంది చీఫ్ ఇంజినీర్ల పరిధులుగా మార్చారు. అది మంచి మార్పే అంటాను. ఒక వాగు మీది చెరువూ ప్రాజెక్టూ ఒకే ఆఫీసు కిందికి రావడం మేలు. అయితే బోర్డు మారిన రోజు రైతుకు కావాల్సింది ఒక్కటే: గండి పడితే ఇకనుంచి ఎవరికి ఫోన్ చేయాలి?

నిలబడ్డవాటి సంగతి కూడా మాట్లాడుకోవాలి. ఆడవాళ్ల పొదుపు సంఘాలను చూడండి. మనం ఇప్పటికీ డ్వాక్రా సంఘాలనే అంటాం. 2000లో వెలుగు పేరుతో పేదరిక నిర్మూలన పథకం మొదలైంది, తర్వాత ఇందిరా క్రాంతి పథం అయింది. ప్రపంచ బ్యాంకు రెండో రుణం 2011లో ముగిసింది. లెక్క ప్రకారం ఆ పథకం అయిపోయింది. సంఘాలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. ఊళ్లో సంఘం, దానిపైన గ్రామ సంఘం, దానిపైన మండల సమాఖ్య, ఆ పైన జిల్లా సమాఖ్య. ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రం రెండైంది, మండలాలు జిల్లాలు మారాయి. 2016 అక్టోబర్ 11న మనం నిజామాబాద్ జిల్లానుంచి కామారెడ్డి జిల్లాలోకి వచ్చాం. అక్కల సమావేశం తేదీ మారలేదు.

ఎందుకంటే వాళ్ల సమావేశానికి పని ఉంది. ఆ రోజు పొదుపు కట్టాలి, అప్పు కిస్తు కట్టాలి. డబ్బు చేతులు మారుతుంది కాబట్టి అందరూ వస్తారు. వచ్చాక మాట మాట్లాడక తప్పదు. తీర్మానాల పుస్తకం ఉంది. అది రాసే గ్రామ సంఘం సహాయకురాలు (వీవోఏ) ఉంది, ఆమెకు చిన్నదో పెద్దదో ఒక గౌరవ వేతనం ఉంది. గ్రామ సంఘంలో లేచిన ప్రశ్నను లీడరక్క మండల సమాఖ్యకు పట్టుకుపోతుంది. వచ్చే నెల సమావేశంలో మొదటి ప్రశ్న ఆమెకే: “అక్కా, పోయిన నెల మాట ఏమైంది?” జవాబు లేకుండా ఆమె ఆ చాప మీద కూర్చోలేదు. వడ్ల కొనుగోలు కేంద్రాలు నడిపేది కూడా ఈ సంఘాలే. గన్నీ సంచులు ఎప్పుడొస్తాయి, లారీ ఎందుకు రాలేదు, తేమ ఎంత చూపుతోంది అని ఎండలో నిలబడి రైతుకు జవాబు చెప్పేది ఆ ఆడవాళ్లే. అందరి సంఘాలూ గొప్పగా ఉన్నాయని నేననడం లేదు. కిస్తు కట్టలేని మనిషి మీద పడే ఒత్తిడి, పైనుంచి ఏ పథకం వచ్చినా సంఘం నెత్తినే వేయడం, ఇవి నన్ను బాధపెడతాయి. కానీ నీటి సంఘానికి అందని ఒక మెలకువ వాళ్లకు అందింది. వాళ్లు మాటను పనికి ముడివేశారు, ఆ పనికి ఒక తేదీ పెట్టుకున్నారు.

స్పెయిన్‌లో వలెన్సియా అనే నగరం ఉంది. దాని చుట్టూ తోటలకు నీళ్లు పారించే పాత కాలువలున్నాయి. ఆ కాలువల రైతులు ఎన్నుకున్న పెద్దలు ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు అక్కడి పెద్ద చర్చి గుమ్మం ముందు కూర్చుంటారు. దాన్ని నీటి న్యాయస్థానం అంటారు. యునెస్కో 2009లో దాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. అక్కడ లాయర్లుండరు. తగాదా నోటిమాటగానే విని, అక్కడికక్కడే తీర్పు చెప్తారు. నన్ను ఆకట్టుకున్నది తీర్పు తీరు కన్నా, తగాదా లేని గురువారం వాళ్లు చేసే పని. ఆ రోజూ పెద్దలు నల్లటి అంగీలు వేసుకుని వచ్చి కూర్చుంటారు. బంట్రోతు ఒక్కో కాలువ పేరూ గట్టిగా పిలిచి, ఆ కాలువ కింద ఎవరి మీదైతే ఫిర్యాదు వచ్చిందో వాళ్లను ముందుకు రమ్మంటాడు. ఎవరూ రాకపోతే ఇంకో కాలువ పేరు. చాలా వారాలు కొద్ది నిమిషాల్లో అయిపోతుందట. అయినా ప్రతి కాలువ పేరూ పిలవాల్సిందే. గొడవ వచ్చినప్పుడు ఎక్కడికి పోవాలో, ఏ రోజు పోవాలో ఆ ఆయకట్టులో పసిపిల్లకు కూడా తెలుసు. ఏ పథకమూ లేకుండా వందల ఏళ్లుగా నిలిచిన కబురు అది.

మనకు అంత పాత సంప్రదాయం లేదని నిరాశపడనక్కర్లేదు. యాసంగి ముందు తైబందీ ఖరారు చేసే పద్ధతి మనకూ ఉంది. ప్రాజెక్టులో ఎంత నీరుంది, ఎన్ని ఎకరాలకు ఇవ్వగలం, ఏ తేదీన విడుదల, ఎన్ని తడులు అన్నది కలెక్టర్, ఇంజినీర్లు, ప్రజాప్రతినిధులు కూర్చుని తేలుస్తారు. తేల్చేదాకా బాగానే ఉంటుంది. మర్నాడు పేపర్లో వార్త పడుతుంది. ఆ వార్తకూ చివరి తూముకూ నడుమ ఉండాల్సిన మనిషే లేడు. లష్కర్లు రిటైరవుతూ పోయారు, వాళ్ల స్థానాలు ఖాళీగా మిగిలాయి. ఉన్న ఒక్కడు ఇద్దరు ముగ్గురి గట్టు నడవాలి. లష్కర్లను మళ్లీ పెట్టాలన్న మాట ఇటీవల ప్రభుత్వమే ఎత్తింది. పెట్టేటప్పుడు షట్టర్ తిప్పడం, గట్టు చూడడంతోపాటు రైతులకు తేదీ చెప్పడం, మారిన తేదీ మళ్లీ చెప్పడం కూడా విధిగా రాయాలి. రాయని పని చేసేవాళ్లు అరుదు. మనం ఇవాళ స్మరించుకుంటున్నది అట్లాంటి అరుదైన మనిషిని. వ్యవస్థను అట్లాంటి అరుదైన మనుషుల మీద నడపకూడదు.

వాట్సాప్ ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే. ఆయకట్టు గ్రూపులు నేనూ చూశాను. విడుదల రోజు షట్టర్ దగ్గర పూజ ఫోటోలు వస్తాయి, శుభాకాంక్షలు వస్తాయి. అందులో ఎవరో ఒక రైతు “మా తూముకు ఇంకా రాలేదు సార్” అని రాస్తాడు. పక్కన రెండు నీలం టిక్కులు పడతాయి. కింద ఎవరిదో పుట్టినరోజు ఫోటో వచ్చి ఆ మాటను పైకి నెట్టేస్తుంది. అందరూ చూశారు, ఎవరూ పలకలేదు. పలకకపోతే రైతు రెండోసారి అడగడు. మూడో రోజు పలుగు తీసుకుని తూము దగ్గరికి పోతాడు. తర్వాత మనం తూము పగలగొట్టారని కేసు పెడతాం.

2025 ఆగస్టు చివరి వారం మనల్ని అందరినీ పరీక్షించింది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లు దాటిన వాన. రోడ్లు కోసుకుపోయాయి, కరెంటు పోయింది. పోచారం నిండి కట్ట మీదినుంచి నీరు పొర్లింది, ఒక పక్క మట్టి కొట్టుకుపోయింది. వందేళ్లు దాటిన ఆ రాతి కట్ట మాత్రం నిలిచింది. దాన్ని కట్టిన కూలీలకూ మేస్త్రీలకూ ఇంజినీర్లకూ చేతులెత్తి దండం పెట్టాలి. అట్లాంటి రాత్రి ఫోన్ టవర్ పనిచేయదు, గ్రూపు పనిచేయదు. కింద ఉన్న ఊరికి ఎవరు పోవాలి, ఏ దారిన పోవాలి, ఊళ్లో మొదట ఎవరిని లేపాలి అన్నది ముందే తెలిసి ఉండాలి. వరద వచ్చాక తేల్చుకునే విషయం కాదు అది. పొడి రోజుల్లో నెలకొకసారి కూడా మాట్లాడుకోని ఇంజినీరూ సర్పంచీ ఆ అర్ధరాత్రి ఒకరి గొంతు ఒకరు గుర్తుపట్టాలంటే ఎట్లా కుదురుతుంది?

అధికారి బదిలీ గురించి కూడా ఒక మాట. అసిస్టెంట్ ఇంజినీర్ మారినప్పుడు ఫైళ్లు అప్పగిస్తారు, స్టోర్ సామాన్ల లెక్క అప్పగిస్తారు. కాలువ మీద ఎవరికి ఏ మాట ఇచ్చాం, ఎవరి ప్రశ్న జవాబు లేకుండా ఉంది అన్నది మాత్రం ఎవరూ అప్పగించరు. కొత్తాయన వచ్చేసరికి రైతు మొదటినుంచి చెప్పుకోవాలి. నాలుగోసారి చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు మానేస్తాడు. ఛార్జి అప్పగించే కాగితాల్లో ఒక పేజీ దీనికి కేటాయిస్తే ఎంత ఖర్చవుతుంది?

చివరగా ఈ ఆయకట్టుకు సంబంధించిన ఒక కోరిక చెప్పి ముగిస్తాను. ఇక్కడ సర్పంచులు ఉన్నారు, శాఖ ఉద్యోగులు ఉన్నారు. ఈ యాసంగి తైబందీ తేలిన రోజు సాయంత్రానికే, నీళ్లు ఇవ్వని జోన్‌లో ఉన్న ఊళ్లకు ముందుగా మనిషిని పంపండి. నీళ్లు వచ్చే జోన్‌కు మర్నాడు చెప్పినా నష్టం లేదు. నీళ్లు రావని చెప్పడం ఇబ్బందే, నాలుగు మాటలు పడాల్సి వస్తుంది. పడండి. ఎందుకు రావో, ప్రాజెక్టులో ఎంత ఉందో, వచ్చే ఏడు వంతు ఎవరిదో చెప్పండి. ఈ సభ కోసం పోగుచేసిన చందాల్లో కొంత మిగిలిందని నిర్వాహకులు చెప్పారు. ఆ డబ్బుతో ప్రతి తూము దగ్గరా ఒక నల్లబోర్డు కట్టించమని, దాని మీద తేదీ రాసే బాధ్యత ఊరికొక మనిషి పేరున తీర్మానాల పుస్తకంలో ఇవాళే రాసుకోమని అడుగుతున్నాను. పుస్తకం ఈ బల్ల మీదే ఉంది.